మడ ఎందుకు చచ్చిందో ఊరికి తెలుసు

కోనసీమ తీరంలో మడ అడవి మాట ఎత్తితే చాలు, చదువుకున్నవారి నోట ఒకటే జవాబు: పల్లెవాళ్లే నరికేశారు, వాళ్లను దూరంగా ఉంచి అటవీశాఖకూ శాస్త్రవేత్తలకూ వదిలేస్తే అదే పెరుగుతుంది. ఈ మాట అన్యాయం. పైగా తప్పు.

పొయ్యిలోకీ దడికీ మడకర్ర కొట్టుకొచ్చిన సంగతి నిజమే. కానీ విశాలమైన మేర బోడిగా మిగలడానికి అది కారణం కాదు. దశాబ్దాలపాటు ప్రభుత్వమే అడవిని కూపులుగా, అంటే నరికే భాగాలుగా విడగొట్టి, వంతులవారీగా మొత్తం కొట్టించింది. నీడ పోయిన బురదనేల ఎండకు ఆరి, కుంగి, పళ్లెంలా గుంటపడింది. పోటుకు ఎక్కిన ఉప్పునీరు పాటుకు తిరిగిపోయే దారిలేక అక్కడే ఆవిరైంది. అలా పేరుకున్న ఉప్పులో మడవిత్తు బతకదు. ఆ తర్వాత రొయ్యల చెరువులు వచ్చాయి. తీర నియంత్రణ మండలంలో, సంప్రదాయ పద్ధతివి తప్ప, ఆ చెరువులు ఉండకూడదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంతకు నెల ముందే, నవంబరు 6 తుపాను ఈ తీరాన్ని ఊడ్చేసింది. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకు వెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. గాలికీ అలకూ అడ్డునిలిచే అడవి విలువ ఆ ఊళ్లకు ఎవరో వచ్చి నేర్పాలా?

1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ గోదావరి, కృష్ణా డెల్టాల్లో అటవీశాఖతో, గ్రామ సంఘాలతో కలిసి పనిచేసింది. చేపముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ పిల్లకాలువలు తవ్వారు. పోటునీరు లోపలికి వచ్చి, పాటుతో బయటికి పోతూ ఉప్పును కడిగింది. ఆ తర్వాతే మొక్క నాటారు. అక్కడ అడవి తిరిగి లేచింది. అంటే ఈ పనిలో అసలు ప్రశ్న మొక్కలు ఎన్ని అనేది కాదు, నీరు ఎటు నడుస్తుంది అనేది. అమావాస్య పోటు ఎంతవరకు ఎక్కుతుందో, అష్టమికి ఎక్కడ ఆగిపోతుందో, ఏ పాయ ఎప్పుడు మేటవేస్తుందో రోజూ ఆ నీళ్లలో వల వేసేవాడికీ పీతలు పట్టేవాడికీ తెలుసు. ఉప్పు ఎంతుందో కొలిచే పని శాస్త్రవేత్తదే, అది ఎవరూ కాదనరు. కానీ కాలువ పడాల్సిన చోటును ఒక్క మ్యాపు చూసి నిర్ణయిస్తే తవ్విన కాలువ పూడిపోతుంది. పూడిక తీసేది కూడా ఆ ఊరివాళ్లే కావాలి.

జాతుల సంగతీ అంతే. తేలిగ్గా నాటుకునే తెల్లమడతో నేల నింపి లెక్క చూపించడం సులువు. పొన్న, గుగ్గిలం లాంటి మడజాతులు పూర్వం ఏ పాయ ఒడ్డున ఉండేవో చెప్పగల పెద్దలు పోతున్నారు. వాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి.

సంఘాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ప్రణాళిక పూర్తయ్యాక గుంతలు తీయడానికీ కాపలాకీ వాటిని పిలవడాన్ని భాగస్వామ్యం అనరు. ఊరికి తెలిసింది రాసుకోవడానికి చట్టమూ ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంది. ఆ కమిటీ ఊరివాళ్లను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలని నిబంధన. ఏళ్లు గడిచినా కదలిక లేక, 2019లో గ్రీన్ ట్రైబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే ఒక్కో రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలంది. జరిమానా భయంతో ఆదరాబాదరాగా నింపే పుస్తకంలో ఊరి జ్ఞాపకం ఎంత దిగుతుంది?

మడ అడవుల కోసం కేంద్రం 2023-24 బడ్జెట్లో ‘మిష్టి’ పథకం ప్రకటించింది. కాట్రేనికోన, ఐ. పోలవరం మండలాల్లో దాని కింద ఒక్క కాలువ గీత గీసే ముందు, పని నమూనాను తెలుగులో రాసి గ్రామసభ ముందు పెట్టాలి. సభను వేట లేని రోజున పెట్టాలి. పీతలూ గుల్లలూ ఏరే ఆడవాళ్ల మాట విడిగా వినాలి. ఊరు చెప్పిన మార్పును కాదంటే ఎందుకు కాదన్నారో కాగితం మీద జవాబివ్వాలి. ఆ కాగితం పంచాయతీ ఆఫీసు గోడమీద అంటించాకే తవ్వకం మొదలుపెట్టాలి.