మధిర నుంచి లాగిన్ అయితే తప్పేంటి?

"అన్నా, వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చే కంపెనీలుంటే చెప్పవా?" మధిర వెళ్లినప్పుడల్లా జూనియర్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ప్యాకేజీ గురించి ఆ తర్వాతే అడుగుతారు. వీళ్లకు పని మీద బద్ధకమని కొందరు పెద్దవాళ్లు అంటుంటారు. నేనైతే అలా అనుకోను. ఈ ప్రశ్న వెనక ఒక లెక్క ఉంది. నేనూ ఆ లెక్క వేసుకున్నవాణ్నే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడే ముందు హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసి, ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చాను. రెండు వారాలే అనుకున్నా, ఏడాదిన్నర ఉన్నాను. హాస్టల్ ఫీజు లేదు, క్యాబ్ ఖర్చు లేదు, ట్రాఫిక్‌లో రోజూ పోయే మూడు గంటలు మిగిలాయి. ఎడ్యుకేషన్ లోన్‌లో పెద్ద భాగం ఆ ఏడాదిన్నరలోనే తీర్చేశాను. జీతం పైసా పెరగకుండానే! నా ఖర్చంతా మధిరలోనే పడింది. నెట్ కనెక్షన్ వేసిన కేబులతను, ఇన్వర్టర్ అమ్మిన షాపు, సాయంత్రం మిర్చి బజ్జీల బండి... ఆ డబ్బు లేకపోతే హైదరాబాద్ ఇంటి ఓనర్లకే పోయేది. మిర్చి, పత్తి ధరల మీదే ఊరి వ్యాపారమంతా ఆధారపడే చోట, నెలనెలా వచ్చే జీతం పది ఇళ్లలో పడితే తేడా తెలుస్తుంది.

మరి ఇంటి దగ్గర పని సరిగ్గా జరుగుతుందా? దీని మీద చాలామంది చెప్పే మాట స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్ పరిశోధన. 2010-11లో చైనా ట్రావెల్ సంస్థ సీట్రిప్ తన షాంఘై కాల్ సెంటర్‌లో ఆసక్తి ఉన్నవాళ్లను పుట్టినరోజు సరి, బేసి సంఖ్యలను బట్టి రెండుగా విడదీసి, ఒక జట్టును తొమ్మిది నెలలపాటు ఇంటి నుంచి పని చేయించింది. పనితీరు 13 శాతం పెరిగింది. అందులో ఎక్కువ వాటా విరామాలు, సిక్ లీవులు తగ్గడం వల్ల వచ్చింది. మిగిలింది ప్రశాంతంగా ఉండటంతో నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోవడం వల్ల. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు.

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ఆ తర్వాతి సంగతే మనకు ముఖ్యం. ఆ ప్రయోగంలో చేరాలంటే కనీసం ఆరు నెలల అనుభవం, ఇంట్లో విడి గది, బ్రాడ్‌బ్యాండ్ ఉండాలన్నారు. అంటే ఫ్రెషర్లు అందులో లేరు! పైగా అంతే బాగా పనిచేసినా ఇంటి నుంచి చేసినవాళ్లకు ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. ప్రయోగం అయ్యాక చాలామంది ఒంటరితనం భరించలేక తిరిగి ఆఫీసుకే వెళ్లారు.

ఈ ప్రమోషన్ల మాట చదివినప్పుడు నాకు నా రేటింగే గుర్తొచ్చింది. ఇంటి నుంచి పనిచేసిన ఏడాది టికెట్లు క్లోజ్ చేయడంలో టీమ్‌లో నేనే ముందున్నా. రేటింగ్ మాత్రం తగ్గింది. ఎందుకని అడిగితే మేనేజర్ "విజిబిలిటీ లేదు" అన్నారు. ఎండాకాలంలో కరెంటు పోయి క్లయింట్ కాల్ మధ్యలో తెగిపోయిన రెండు రోజులు మాత్రం ఆయనకు బాగా విజిబుల్ అయ్యాయి.

కంపెనీల తీరు కూడా మారింది. 2025 నాటికి ఏ సమయంలోనైనా పాతిక శాతం సిబ్బంది మాత్రమే ఆఫీసులో ఉంటే చాలని 2020లో టీసీఎస్ ప్రకటించింది. అదే సంస్థ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రమ్మంది. తర్వాత వేరియబుల్ పేను హాజరుతో ముడిపెట్టింది. అమెజాన్ 2025 జనవరి నుంచి కార్పొరేట్ సిబ్బందికి ఐదు రోజుల నియమం పెట్టింది. ఇంటి నుంచి పనిచేస్తూ రెండో ఉద్యోగం చేశారని 2022లో విప్రో 300 మందిని తీసేయడమూ కంపెనీల అనుమానాన్ని పెంచింది.

ప్రభుత్వాలు మాత్రం దారి మూసేయలేదు. 2020 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ బీపీవోలకు బ్యాంకు గ్యారంటీలు, స్టాటిక్ ఐపీల వంటి షరతులు ఎత్తేసింది. 2022లో సెజ్‌లలోని సంస్థలు సగం మందికి ఇంటి పని ఇవ్వొచ్చని నిబంధన తెచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఏపీ ముఖ్యమంత్రి చంద్రబాబు, మహిళలకు పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ తెస్తామని చెప్పారు. మధిర దాటితే ఏపీయే కాబట్టి మనవాళ్లు ఆ మాట మీద ఓ కన్నేసి ఉంచడం మంచిది.

ఇంతకీ మధ్యే మార్గం లేదా? ఉంది, హైబ్రిడ్. అదే సంస్థ (ఇప్పుడు ట్రిప్‌డాట్‌కామ్) 2021-22లో 1,600 మందికి పైగా ఉద్యోగులపై మళ్లీ పరీక్ష పెట్టింది. వారంలో రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. పనితీరు తగ్గలేదు, ఈసారి ప్రమోషన్లూ తగ్గలేదు. ఎక్కువ లాభపడింది మహిళలు, దూరం నుంచి వచ్చేవాళ్లు. 2024లో 'నేచర్' పత్రికలో వచ్చిందీ ఫలితం.

అయితే మధిరవాళ్లకు హైబ్రిడ్ అంటే ఇంకో చిక్కు. మూడు రోజులు హైదరాబాద్‌లో ఉండాలంటే హాస్టల్ ఫీజు మొత్తం కట్టాల్సిందే, సగం తీసుకోరు కదా! గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో వారం వారం తిరగడం చెప్పినంత తేలిక కాదు. ఖమ్మంలో 2020 డిసెంబరులో మొదలైన ఐటీ హబ్ లాంటివి ఇక్కడే పనికొస్తాయి. రైలెక్కితే గంటలోపే ఖమ్మం. ఇంటి భోజనం, ఆఫీసు వాతావరణం రెండూ దొరుకుతాయి. హైదరాబాద్ కంపెనీలు అక్కడ నాలుగు సీట్లు తీసుకుని చుట్టుపక్కల ఊళ్లవాళ్లను కూర్చోబెడితే, నా దృష్టిలో ఇంటి పని కన్నా అదే మేలు.

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పేదొకటే. మొదటి ఏడాది, రెండేళ్లు ఆఫీసుకే వెళ్లండి. పక్క సీటు సీనియర్ మీ స్క్రీన్ చూసి "ఇదేంట్రా, ఇలా రాశావ్?" అని తిట్టే తిట్లలో నేర్చుకున్నంత వీడియో కాల్‌లో నేర్చుకోలేం. పని చేతికొచ్చాక ఇంటి నుంచి చేస్తామని అడగండి, అప్పుడు అడిగే హక్కూ ఉంటుంది. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు వర్క్ లొకేషన్ దగ్గర ఏం రాశారో చూడండి. హెచ్‌ఆర్ ఫోన్‌లో "రిమోటే" అన్నా, లెటర్‌లో హైదరాబాద్ అని ఉంటే ఎప్పుడైనా పిలుస్తారు.

ఇంకోటి. టెలిగ్రామ్‌లో "ఇంట్లో కూర్చుని రోజుకు మూడు వేలు, హోటళ్లకు రేటింగ్ ఇస్తే చాలు" అని వచ్చే మెసేజ్‌లు ఉద్యోగాలు కావు. మొదట రెండు మూడు వందలు మన ఖాతాలో వేస్తారు, నమ్మాక 'టాస్క్' పేరుతో వేలకు వేలు కట్టించుకుంటారు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని ఎవరు అడిగినా అక్కడే ఆపేయండి. ఇప్పటికే కట్టేసి ఉంటే, ఇంట్లో తెలుస్తుందని దాచుకుని కూర్చోకుండా 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే, డబ్బు ఖాతాలు మారకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ.