చేతిపని: విల్లుకు తగిన శాండర్



వెదురు, చెక్క కలిపి అతికి విల్లు చేసుకోవాలనుకునే వారికి షెడ్డులోని బెల్ట్ శాండర్ మంచి తోడు. అయితే కొన్నది కొన్నట్టు వాడితే అది పలకలు నున్నగా చేసే యంత్రం మాత్రమే. విల్లు పనికి దాన్ని కొంత మార్చుకోవాలి.

ముందు ఒక లెక్క. విల్లు బద్ద వెడల్పు పదో వంతు తగ్గిస్తే బిగువూ పదో వంతే తగ్గుతుంది. మందం అలా కాదు. 10 మిల్లీమీటర్ల బద్దలో 1 మిల్లీమీటరు అరిగితే బిగువు సుమారు 27 శాతం పోతుంది. ఆ 1 మిల్లీమీటరును 60 నంబరు బెల్టు రెప్పపాటులో తినేస్తుంది. రబ్బరు చెట్లు గీసిన మన తాతలకు, నాయనమ్మలకు ఈ జాగ్రత్త చేతిలోనే ఉండేది. పలుచగా గీస్తే పాలు, లోతుగా దిగితే చెట్టుకు గాయం.

అందుకే మొదటి మార్పు వేగం. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారుకు 100 మిల్లీమీటర్ల రోలరు నేరుగా బిగిస్తే బెల్టు నిమిషానికి 450 మీటర్లు పరుగెడుతుంది. మోటారుకు చిన్న పుల్లీ, రోలరుకు దానికి రెట్టింపు పుల్లీ వేస్తే వేగం సగమవుతుంది. ఫ్యాన్ రెగ్యులేటరు మాత్రం తగిలించకండి. ఇలాంటి మోటారు దానితో వేడెక్కి కాలిపోతుంది.

రెండోది ఆనిక. బెల్టు వెనుక ఇనుప పలకకు గ్రాఫైట్ గుడ్డ అతికిస్తే రాపిడి, వేడి తగ్గుతాయి. వేడి ఎక్కువైతే బద్దల మధ్య జిగురు మెత్తబడుతుంది. పలకకు సరిగ్గా లంబంగా ప్లైవుడ్ బల్ల బిగించండి. బెల్టుకూ బల్లకూ సందు 2 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకంటే ఎక్కువైతే సన్నని బద్దను, దానితోపాటు వేలిని కూడా లోపలికి లాగుతుంది. బెల్టు బల్ల వైపు కిందికి తిరగాలి.

మూడోది, పిడి వంపుల కోసం ఒక వైపు ఆనిక లేకుండా బెల్టును వదులుగా ఉంచడం. మిగతా చోట్ల మూత తీయకండి.

వెదురు పైతోలు వైపు బెల్టు తగలనివ్వకండి. గట్టి నార అక్కడే దట్టంగా ఉంటుంది. విల్లు వంగినప్పుడు లాగుడు భరించేది అదే. అది తెగితే విల్లు విరిగేది ఎక్కుపెట్టిన మనిషి ముఖం ముందే. కనుక ఆకారం దాదాపు వచ్చాక యంత్రం ఆపి, మిగతాది ఆకురాయితో, గరుకు కాగితంతో, విల్లు వంచి చూసుకుంటూ చేయండి.

చెక్క పొడి ఊపిరితిత్తులకు చేటు. క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. రోలరు కింద వాక్యూమ్ గొట్టం పెట్టండి, మాస్కు కట్టుకోండి. ఇదే యంత్రం మీద కత్తులు సాన పట్టకండి. ఒక్క నిప్పురవ్వ పొడి సంచిలో పడితే చాలు, షెడ్డు అంటుకుంటుంది. చేతి తొడుగులు వద్దు, మెడలో గొలుసు ఉంటే తీసేయండి.

పిల్లలు నేర్చుకుంటామంటే ముందు ఆకురాయి ఇవ్వండి. చేతికి మందం తెలిశాకే స్విచ్చి చూపించండి.