నీటిమీది చేప

గాలము వేయువాడు సోమరి యని మన దేశమున చిరకాలముగా ఒక అభిప్రాయము కలదు. పని లేనివాడు చెరువుగట్టున కూర్చుండి బెండు ఎప్పుడు మునుగునా యని చూచుచుండుననియు, ఆ చూపునకు బుద్ధితో పనిలేదనియు పలువురు తలంతురు. సీసపు గుండు కట్టి ఎరను అడుగునకు దింపు గాలము విషయమున ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని వేసవియందు నీటిపైకి వచ్చిన పెద్ద చేపను, గుండు గాని బెండు గాని లేక, తేలియాడు ఎరతో పట్టుట యను విద్య వేరొకటి ఉన్నది. అది కన్నులతో చేయు పని. అందు చేప మనకు కనబడును; మనమును చేపకు కనబడుదుము. ఆ విద్యను గూర్చియు, దానికి ఉండితీరవలసిన ఒక హద్దును గూర్చియు ఉపాధ్యాయులతోను విద్యార్థులతోను కొన్ని మాటలు చెప్పదలచితిని.

కార్పు జాతి చేపల గాలపు వేటను ఒక శాస్త్రమువలె పెంచినవారు ఆంగ్లేయులు. ఐజాక్ వాల్టన్ 1653లో ప్రకటించిన గాలపు వేట గ్రంథమున కార్పునకు ఒక అధ్యాయమునే ప్రత్యేకించెను. అటుపిమ్మట చాలకాలము వరకు మిక్కిలి పెద్ద కార్పు గాలమునకు చిక్కదనియే అక్కడివారి నమ్మకము. 1952లో రిచర్డ్ వాకర్ అను నాతడు రెడ్‌మైర్ అను చిన్న కొలనులో 44 పౌనుల కార్పును పట్టి ఆ నమ్మకమును చెరిపివేసెను. ఆ చేప లండను జంతుప్రదర్శనశాలలో పెక్కు సంవత్సరములు జీవించినది. వాకరు తరమువారు చేసిన ముఖ్యమైన పని పెద్ద చేపను పట్టుట కాదని నా తలంపు. చేప ఏ వేళ ఎచట ఏమి చేయుచున్నదో మొదట కనిపెట్టి, ఆ తరువాతనే దారము విప్పవలెనని వారు నేర్పిరి. ఎండ కాయు దినములలో నిలువ నీటి పై పొరకు వచ్చిన కార్పునకు రొట్టె పెచ్చును ఏ బరువును కట్టక తేలవిడుచుట వారికి వాడుకయైనది. అయితే వారు వేసవి యని పిలుచునది మనకు మార్గశిరము వంటిది. ఈ సంగతి మున్ముందు మనకు అవసరము కాగలదు.

మన చెరువులలోని పెద్ద చేపలలో బొచ్చె, శీలావతి, మోసు ముఖ్యమైనవి. మూడును కార్పు కుటుంబమునకు చెందినవే. నోటిని చూచినంతనే చేప భోజనము తెలియును. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగియుండును. అది పై నీటిలోని సూక్ష్మజీవులను గ్రహించును. శీలావతి నడిమి నీటిది. మోసు నోరు క్రిందికి వంగియుండును. దాని బ్రతుకు అడుగు బురదతో. ఇవి గాక బంగారుతీగ యను పరదేశపు కార్పు ఉన్నది. దానిలో అద్దపు పొలుసుల రకమును 1939లో సింహళమునుండి నీలగిరులకు తెచ్చిరి. మీసములతో అడుగును తడవుకొనుట దాని స్వభావమే యైనను, వెచ్చని మధ్యాహ్నమున అదియు పైకి వచ్చి నాచుతెట్టుల నడుమ వీపు కానవచ్చునట్లు నిలుచును. రాలిన పురుగులు, గాలికి కొట్టుకొని వచ్చిన గింజలు అప్పుడు దానికి ఆహారము. దేవాలయపు కోనేటిలో మరమరాలు చల్లి చూచినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. గాలము వేయువాడును ఆ మరమరాలతోనే ఆరంభింపవచ్చును. కోనేట మాత్రము వేయరాదని వేరుగ చెప్పనక్కరలేదు గదా!

ఈ వేటలో మొదటి గంట గాలముతో పనిలేదు. గాలి వీచు వైపున నిలిచి గుప్పెడు మరమరాలు నీటిపై వదలవలెను. గాలియే వానిని చేపల కడకు చేర్చును. మొదటి గుప్పెడును చేపలు ముట్టవు. రెండవదానిని చిన్నవి రుచి చూచును. పెద్దది చాలసేపు క్రిందనే తిరిగి, ఒకటి రెండు సారులు పెదవితో తాకి విడిచి, నిర్భయము కలిగిన పిమ్మట చప్పుడు చేయుచు తినసాగును. అప్పుడు గాని ఎరను విడువరాదు. దానిని చేప నెత్తిన గాక, ఆవలగా వేసి మెల్లగా దారిలోనికి లాగవలెను. పెదవి తగిలినంతనే గాలము గుంజువాడు చేపను పోగొట్టుకొనును. దారము కదలి సాగు వరకు ఓర్చుకొనవలెను.

చేపకు గట్టుమీది లోకము ఎట్లు కనబడునో భౌతికశాస్త్రోపాధ్యాయుడు చక్కగా చెప్పగలడు. నీటిలోనుండి పైకి చూచు కంటికి ఆకాశమును, గట్టును, చెట్లును అన్నియు సుమారు 97 డిగ్రీల శంకువులో ఇమిడి ఒక గుండ్రని కిటికీవలె తోచును. ఆ కిటికీకి వెలుపల నీటి పై పొర అద్దమై అడుగునే ప్రతిఫలించును. గట్టున నిలువుగా నిలిచినవాడు కిటికీ అంచున స్పష్టముగా లేచి కనబడును. గొంతుకూర్చున్నవాడు అంచులో అణగి కానరాకపోవును. వక్రీభవనమును నల్లబల్లపై గీతలు గీచి నేర్చిన బాలునికి ఇంతకంటె మంచి పరీక్ష ఏమున్నది? వినికిడి మాటకు వచ్చినచో, కార్పు జాతి చేపలలో గాలితిత్తికిని లోపలి చెవికిని నడుమ చిన్న యెముకల వరుస కలదు. దానివలన అవి ఇతరములైన పెక్కు చేపలకంటె బాగుగా వినును. చెప్పులతో గట్టు తొక్కినవాడు ఇంటికి వట్టి చేతులతో పోవును.

ఇక హద్దు. చేప నీటిపైకి వచ్చుటకు కారణము ఆకలి యొక్కటియే కాదు. ఊపిరి చాలక వచ్చుటయు కలదు. లీటరు నీటిలో 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించి ఇముడదు. అదే సమయమున చేప శరీరపు అవసరము వెచ్చదనముతో పాటు పెరుగును. పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపగును. రాబడి తగ్గి వ్యయము హెచ్చిన సంసారము వంటిదది. పచ్చగా మారిన చెరువులో కంటికి కానరాని నాచుకణములు పగలు ఎండలో ప్రాణవాయువును విడిచి, రాత్రి తామును దానినే పీల్చును. అందుచేత వేకువజామున నీటిలో అది కనిష్ఠమునకు దిగును. ఆ వేళ చేపలు తలలు పైకెత్తి, మూతులు తెరచి మూయుచు గుంపులుగా నిలుచును. చప్పట్లు చరచినను పారిపోవు. పెద్ద చేపలే ముందుగా బాధపడును.

మధ్యాహ్నపు చేపకును వేకువ చేపకును భేదము తెలియనివాడు గాలము పట్టరాదని నా నిశ్చితాభిప్రాయము. ఆకలిగొన్న చేప ఎరను కాదనగలదు, శంకించి తొలగిపోగలదు. వేటగానికిని దానికిని పోటీ యున్నది. ఊపిరాడని చేపకు ఆ స్వాతంత్ర్యము లేదు. దానిని పట్టి తెచ్చి వీధిలో ఎత్తి చూపువాడు నేర్పరి యగుట ఎట్లు? జాలరి మాట వేరు. చెరువును కౌలుకు తీసికొన్న మత్స్య సహకార సంఘమువారికి ఆ చేప సంవత్సరపు కష్టఫలము. చచ్చి కుళ్లిపోవుటకు ముందే వల వేసి అమ్ముకొనుట వారికి ధర్మమే. నేను చెప్పునది వినోదమునకై గాలము పట్టువానిని గూర్చి. అతడు ఆ సంఘమువారి అనుమతి లేక ఎర వేయరాదనుట ఎట్లును ఉన్నదే.

పట్టి విడిచినచో దోషము లేదని కొందరందురు. ఇది ఆంగ్లదేశపు వేటగాండ్ర ఆచారము. చల్లని నీటిలో అందు అర్థమున్నది. మన చైత్ర వైశాఖముల నీటిలో పెనగులాడి అలసిన పెద్ద చేపకు కోలుకొనుటకు కావలసిన ప్రాణవాయువు కొరవడును. విడిచినప్పుడు ఈదిపోయినట్లే తోచును. అంతమాత్రమున బ్రతికినదని చెప్పజాలము. దయ యను పేరు పెట్టి పది చేపలను అలయించుటకంటె, పులుసునకు ఒక చేపను పట్టి గాలము చుట్టివేయుట నాకు న్యాయముగ కనబడుచున్నది. ఈ మాట అహింసావాదులకు రుచింపదని ఎరుగుదును. వారు గాలము విడిచి చూపును మాత్రము ఉంచుకొన్నచో నాకు అభ్యంతరము లేదు. ఈ విద్యలో ముప్పాతిక పాలు చూపే.

ఆ చూపునే మన పిల్లలు పోగొట్టుకొనుచున్నారని నా విచారము. ఊరి మురుగును, పొలములనుండి కారిన ఎరువును చేరి నీరు పచ్చబడుచుండగా, చెరువు బాగుగనే ఉన్నదని గట్టుమీద నడచిపోవువారే అందరును. ఉపాధ్యాయుడు వేసవి సెలవులకు ముందు ఒక వారము, పెద్దవారి తోడుతో, లోతునకు దూరముగా, తన విద్యార్థులను వేకువను ఒకసారి, మధ్యాహ్నమున ఒకసారి గట్టునకు తీసికొనిపోయి చూచినదానిని వ్రాయింపవలెను. ఉష్ణమాపకము ఒకటి ఉన్న చాలును. రెండు వేళల చేపల నడతయు ప్రక్క ప్రక్కన వ్రాసిన పిల్లవానికి నీటి సంగతి పాఠ్యపుస్తకముకంటె ముందుగా తెలియును.

తొలకరికి ముందు రెండు మూడు దినములు మబ్బు కమ్మి, గాలి స్తంభించి, ఉక్కపోయును. ఎండ లేమిచే నాచుకణములు పగటిపూట కూడ చాలినంత ప్రాణవాయువును విడువజాలవు. చెరువులో చేపలు వెల్లకిలబడి తేలుట తరచుగా ఇట్టి దినముల మరునాటి వేకువనే జరుగును. ఆ వేళ గట్టున మూతుల గుంపును గుర్తించిన బాలుడు పరుగున పోయి సంఘమువారికి చెప్పినచో, వారికి కాలువ నీరు పెట్టుటకో, దిగి వల లాగుటకో కొంత వ్యవధి దొరకును.