అంకె ఒకటే, కొలత వేరు

ఇంట తెలుగూ ఆఫీసులో తమిళమూ మాట్లాడే మన హోసూరు కుటుంబాలకు ఒక సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. "అవసరం" అని మనమంటే కావలసినదని అర్థం. అదే మాట తమిళులంటే తొందర అని అర్థం. అంకెలకు కూడా ఇటువంటి తిప్పలు ఉన్నవని 2023లో మాకు తెలిసివచ్చింది.

ఆ యేడు మా వదినగారికి రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ జరిగింది. చంకలోనుండి తీసిన గ్రంథిలో జబ్బు కణాల గుంపు 0.15 మిల్లీమీటరు ఉన్నదని మొదటి డాక్టరుగారు వ్రాశారు. స్లైడు బొమ్మను కంప్యూటరు ద్వారా రెండవ డాక్టరుగారికి పంపగా, ఆయన కొలతకు 0.38 వచ్చింది. 0.2 దాటనంతవరకు అవి విడికణాల కింద లెక్క. దాటితే గ్రంథికి జబ్బు ప్రాకినట్లే వ్రాస్తారు. ఇంటిల్లిపాదికీ రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు.

గుమాస్తాలం గనుక, తేడా ఎక్కడ పడిందని మేము అడిగాము. "బొమ్మ సరిగానే ఉందన్నా, గజంబద్దే తప్పు" అన్నాడు ల్యాబు కుర్రవాడు. స్లైడు బొమ్మ కోట్లకొలది చుక్కల కూర్పు. చుక్కకూ పక్క చుక్కకూ ఎడమెంతో తెలిస్తేనే కొలత వస్తుంది. స్కానరు ఫైలులో ఉన్నది సెంటీమీటరుకు 40,000 చుక్కలని. సెంటీమీటరంటే 10,000 మైక్రాన్లు. భాగిస్తే ఎడము 0.25 మైక్రాను. ఆస్పత్రుల బొమ్మలకు వాడే డైకామ్ పద్ధతిలో స్లైడులకు 2010లో నిబంధనలు చేరాయి. అందులో ఈ ఎడమును మిల్లీమీటర్లలో, 0.00025 అని వ్రాయాలి. మార్పిడి చేసిన ప్రోగ్రాము మాత్రం అంగుళానికి 40,000 అనుకున్నది. అంగుళానికి 25,400 మైక్రాన్లు గదా! ఎడము 0.635 అయి కూర్చున్నది. 600 చుక్కల గుంపు 0.15 కావలసినది 0.38 అయింది. బొమ్మలో వీసమెత్తు మార్పు లేదు. అందుచేతనే ఎవరికీ అనుమానం తట్టలేదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఒకే స్లైడుకు పెద్దవీ చిన్నవీ పలు బొమ్మలు దాచి ఉంచుతారు. 20 మిల్లీమీటర్ల వెడల్పుకు పెద్ద బొమ్మలో 80,000 చుక్కలైతే, నాలుగోవంతుకు తగ్గించినదానిలో 20,000. అప్పుడు ఎడము 0.001కి పెరగాలి. పాత ఎడమే ఉంచితే 20 కాస్తా 5 అవుతుంది. పొలం పటాన్ని కుదించి నకలు తీసి, స్కేలు మార్చడం మరచినట్లన్నమాట.

సరిచూచుకొనే ఉపాయం సులువే. ప్రతి బొమ్మలోనూ చుక్కల సంఖ్యను ఎడముతో గుణిస్తే ఒకే వెడల్పు రావాలి. అది గాజుమీద స్కేలుపెట్టి కొలిచినదానికి సరిపోవాలి. వదినగారి స్లైడుకు 20 బదులు 50.8 వచ్చింది. గాజుపలక వెడల్పే 25 గదా!

లెక్క సరిచేశాక రెండవ డాక్టరుగారు కూడా 0.15 అనే వ్రాసి ఇచ్చారు. పాఠకులకు మా మనవి ఒకటే: బొమ్మ చేతికి వచ్చిందిగదా అని గాజు స్లైడును అశ్రద్ధ చేయకండి. రెండు కాగితాలు రెండు మాటలు చెప్పిననాడు సాక్ష్యం పలికేది అదే.