రంగు చూసేవారి చేతిలో ఉండాలి

ఖరగ్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో కంటిచూపు మీదే కొలువు ఆధారపడి ఉంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్లి వర్క్‌షాపులోనూ, యార్డులోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి కొత్త కాదు. రంగురంగుల చుక్కల మధ్య దాగిన అంకెను చదవలేని కుర్రాడికి లోకో పైలట్ ఉద్యోగం రాదు. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన ఆ పరీక్ష నేటికీ ఎందరి దారినో మళ్లిస్తోంది.

దారి మళ్లినవారిలో కొందరు కంప్యూటర్ వైపు వస్తారు. 1951లో ఐఐటీ మొదలైన ఊరిలో అది సహజం. అయితే అక్కడా రంగులే ఎదురవుతాయి. ప్రోగ్రామ్ రాసే ఎడిటర్ తెరిస్తే ఒక మాట ఎర్రగా, మరొకటి ఆకుపచ్చగా, ఇంకొకటి నీలంగా కనిపిస్తుంది. దీన్నే సింటాక్స్ హైలైటింగ్ అంటారు. రైలు సిగ్నల్ రంగును ఎవరూ తమ కంటికి తగ్గట్టు మార్చుకోలేరు. ఎడిటర్ రంగును మాత్రం ఒక్క ఆదేశంతో మార్చుకోవచ్చు. ప్రోగ్రామింగ్ నేర్పే ప్రతి ల్యాబులోనూ ఈ పాఠం మొదటి రోజే చెప్పాలి.

రంగు ఎలా పడుతుంది?

విమ్ అనే ఎడిటర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ దీన్ని 1991లో విడుదల చేశారు. 1998లో వచ్చిన 5.0 వెర్షన్‌తో ఇందులోకి సింటాక్స్ హైలైటింగ్ వచ్చింది. ఈ పని రెండు అంచెల్లో జరుగుతుంది. ముందుగా ఎడిటర్ ప్రోగ్రామ్‌లోని అక్షరాల వరుసను కొన్ని నమూనాలతో పోల్చి, ఇది వ్యాఖ్య, ఇది కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న పాఠం, ఇది భాషకు చెందిన ఆజ్ఞాపదం అని విడదీస్తుంది. ఆ తర్వాత ఒక్కో గుంపుకు ఒక్కో రంగు వేస్తుంది. గుర్తించడం వేరు, రంగు వేయడం వేరు. అందుకే మొదటిదాన్ని కదపకుండా రెండోదాన్ని ఎవరికి నచ్చినట్టు వారు మార్చుకోవచ్చు.

ఆదేశాలు కష్టమైనవేమీ కావు. కోలన్ కొట్టి, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘సింటాక్స్ ఆఫ్’ అని టైప్ చేస్తే రంగులన్నీ పోతాయి. ‘సింటాక్స్ ఆన్’ అంటే తిరిగి వస్తాయి. ‘కలర్‌స్కీమ్’ అని రాసి పక్కన ఒక పేరు ఇస్తే రంగుల కూర్పు మొత్తం మారుతుంది. ‘హైలైట్’ అని మాత్రమే రాస్తే ఏ గుంపుకు ఏ రంగు ఉందో జాబితా కనిపిస్తుంది. ఆ మాట పక్కనే గుంపు పేరు, కావలసిన రంగు రాస్తే ఆ ఒక్క గుంపే మారుతుంది. వీటిని ‘విమ్ఆర్‌సీ’ అనే ఫైలులో రాసి దాచుకుంటే ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ అవే వస్తాయి.

ఇక్కడ ఒక చిన్న తేడా గమనించాలి. ‘సింటాక్స్ ఎనేబుల్’ అనే ఆదేశం, వాడుకరి అంతకుముందు పెట్టుకున్న రంగులను చాలావరకు అలాగే ఉంచుతుంది. ‘సింటాక్స్ ఆన్’ వాటిని పక్కకు నెట్టి తన సొంత రంగులు వేస్తుంది. ఎడిటర్ తయారుచేసినవారు ఈ రెండు దారులూ ఉంచారంటే, రంగుపై చివరి మాట వాడుకరిదేనని ఒప్పుకున్నట్టే.

రైల్వే నేర్పే పాఠం

ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియకపోవడానికి కారణం సాధారణంగా ఎక్స్ క్రోమోజోమ్‌లోని జన్యువులు. మగవారిలో ఒకే ఎక్స్ ఉంటుంది కాబట్టి వారిలోనే ఈ లోపం ఎక్కువ. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లో ఇది దాదాపు 8 శాతం. భారతీయ సర్వేల్లో సాధారణంగా అంతకన్నా తక్కువే కనిపించినా, పెద్ద తరగతిలో ఒకరిద్దరు ఇలాంటివారు ఉండే అవకాశం ఉంది. వారిలో కొందరికి తమ సంగతి తమకే తెలియకపోవచ్చు.

రైల్వే కూడా ఒక్క రంగునే నమ్ముకోలేదు. పాత సెమాఫోర్ సిగ్నల్‌లో పగటిపూట చెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలి, వాలితే కదలాలి. రంగు దీపంతో పని రాత్రిపూటే. నేటి దీపాల సిగ్నళ్లలోనూ ఒక పసుపు దీపానికి, రెండు పసుపు దీపాలకు అర్థం వేరు. అక్కడ తేడా చెప్పేది రంగు కాదు, దీపాల సంఖ్య. ఎడిటర్‌లోనూ ఇదే పద్ధతి పాటించవచ్చు. హైలైట్ ఆదేశంతో ఆజ్ఞాపదాలను ముద్దక్షరాల్లోకి మార్చవచ్చు, కొటేషన్ల మధ్య పాఠం కింద గీత వేయవచ్చు. ఫైలులో మార్పులను చూపే గిట్ అనే సాధనం తీసేసిన వరుసను ఎర్రగా, చేర్చినదాన్ని ఆకుపచ్చగా చూపుతుంది. ఆ వరుసల ముందు మైనస్, ప్లస్ గుర్తులు కూడా ఉంటాయి కాబట్టి రంగు తెలియనివారికీ విషయం అందుతుంది.

రంగు భరోసా ఇవ్వదు

సిగ్నల్‌తో పోలిక ఒకచోట తెగిపోతుంది. యార్డులో ఆకుపచ్చ దీపం వెలగాలంటే ముందు పాయింట్లు సరిగా అమరి, వాటికి తాళం పడి ఉండాలి. ఆ ఏర్పాటే ఇంటర్‌లాకింగ్. 2017లో ఖరగ్‌పూర్ స్టేషన్‌లో దాదాపు 800 మార్గాలకు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఏర్పాటైంది. ఆ దీపం వెనుక అంత భద్రత ఉంది. ఎడిటర్ రంగు వెనుక అలాంటిదేమీ లేదు. కూడవలసిన చోట తీసివేత రాసినా రంగులు యథావిధిగానే ఉంటాయి. కొటేషన్ గుర్తు మూయడం మరిచినప్పుడు తర్వాతి భాగమంతా ఒకే రంగులోకి మారడం లాంటి కొన్ని తప్పులే అది పట్టిస్తుంది.

ఇక రంగుల వల్ల ప్రోగ్రామ్ బాగా అర్థమవుతుందా అంటే పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు. కేంబ్రిడ్జ్‌లో అద్వైత్ సర్కార్ 2015లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో రంగులున్నప్పుడు పని త్వరగా పూర్తయింది. అనుభవం పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గింది. 2018లో జర్మనీ పరిశోధకులు 390 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రంగులు కొందరికి సాయపడవచ్చు. కానీ అవి లేకుండా నేర్చుకోలేమన్న భయానికి ఆధారం లేదు.

కాబట్టి ల్యాబుల్లో అందరికీ ఒకే రంగుల కూర్పు బిగించి వదిలేయడం సరికాదు. మొదటి గంటలోనే విద్యార్థి రంగులను ఆపి, మళ్లీ పెట్టి, తన కంటికి తగినట్టు మార్చుకోవడం నేర్వాలి. పరీక్ష రోజున కూడా ఆ అమరిక వాడుకోనివ్వాలి. ప్రశ్నపత్రాల్లో ‘ఎర్రగా ఉన్న వరుస’ అనకుండా ‘ఏడో వరుస’ అనాలి. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు. చుక్కల పరీక్షలో వెనుదిరిగిన కుర్రాడు కంప్యూటర్ ముందు మరోసారి అదే కారణంతో వెనుకబడకుండా ఉండటానికి ఈపాటి శ్రద్ధ చాలు.