అమ్మ మోకాళ్లకి మీ ఫోన్ అలారం

"గుజ్జు అరిగిపోయిందంట, ఇంక చేసేదేముంది?" మా కపిలేశ్వరపురంలో నలభై ఐదు దాటిన ఆడవాళ్లు నలుగురు చేరితే వినిపించే మాట ఇదే. ఏళ్ల తరబడి నాట్లేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి మళ్లీ గొంతుక్కూర్చుని పని చేసిన మోకాళ్లవి. నొప్పి రాగానే మెడికల్ షాపు గోళీ, రీల్స్‌లో చూసిన నూనె, లేదంటే మంచం.

నూనెతో మర్దనా చేస్తే కాసేపు హాయిగా ఉంటుంది, గుజ్జు మాత్రం పెరగదు. డాక్టర్ని అడక్కుండా రోజూ మింగే నొప్పి గోళీ కడుపులో పుండు చేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. బీపీ, షుగర్ ఉంటే ఇంకా ప్రమాదం. ఇక కదలకుండా పడుకుంటే తొడ కండ చిక్కిపోయి, భారమంతా కీలు మీదే పడుతుంది.

అసలు మందు ఆ కండే. గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా పదిసార్లు లేవాలి. తర్వాత వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు నిటారుగా జానెడు ఎత్తి 5 సెకన్లు ఆపాలి. ఇదీ ఒక్కో కాలికి పదిసార్లు. రెండు మూడు నెలలు వదలకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది. బరువు ఒక్క కిలో తగ్గినా, ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు.

ఎముకలది వేరే కథ. నెలసరి ఆగాక అవి చప్పుడు లేకుండా పల్చబడతాయి. పడి విరిగేదాకా తెలియదు. ఐసీఎంఆర్ 2020 లెక్క ప్రకారం ఆ వయసులో రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, దాదాపు 360 ఉంటుంది. గ్లాసు పాలలో 240 దాకా. ముళ్లతో సహా నమిలే మెత్తళ్లు, నువ్వుండలు కూడా మంచివే. కాస్త ఎండా తగలాలి.

కీలు వాచి వేడెక్కి జ్వరమొచ్చినా, పడ్డాక కాలు మోపలేకపోయినా ఇంటి వైద్యం వద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

"నాకెక్కడ కుదుర్తుందే!" అంటుంది అమ్మ. అనే ఉంటుంది కూడా. అందుకే సాయంత్రం ఆరింటికి మీ ఫోన్‌లో అలారం పెట్టండి. మోగగానే కుర్చీ లాగి, పక్కనే నిలబడి లెక్కపెట్టండి. ఊళ్లో లేరా? వీడియో కాల్ ఉందిగా!