గోల్ చూసిన కళ్లు

కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్ కానీయండి, ఆ చుట్టుపక్కల మరే ఊరైనా కానీయండి. పొద్దున్నే చాయ్ హోటల్ ముందు బల్ల మీద నలుగురు పెద్దమనుషులు చేరితే మొదట వానల సంగతి వస్తుంది. తర్వాత నిజాంసాగర్ నీళ్ల సంగతి. ఆ తర్వాత వడ్ల ధర. ఈ మూడూ అయిపోయి రెండో చాయ్ చేతికొచ్చాక ఎవరో ఒకరు పాత ఆటల ముచ్చట ఎత్తుతారు. ఇక ఎండెక్కేదాకా ఎవరూ లేవరు.

ఎక్కువమందికి గుర్తొచ్చేది కబడ్డీ, వాలీబాల్. కానీ ఆ నలుగురిలో ఎనభై దాటిన పెద్దాయన ఒక్కరున్నా, చదువు కోసం ఆయన చిన్నప్పుడే హైదరాబాదు పోయి ఉన్నా, మాట తప్పకుండా ఫుట్‌బాల్ మీదికి మళ్లుతుంది. అప్పట్లో ఈ ప్రాంతం పిల్లలు పై చదువులకు పోవాలంటే కామారెడ్డిలో మీటర్‌గేజ్ రైలెక్కాలి. సెలవులకు తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో పుస్తకాలతో పాటు కొన్ని పేర్లు కూడా మోసుకొచ్చేవారు. రహీం సాబ్, నూర్, అజీజ్, మొయిన్, బలరాం... వినేవాళ్లకు ఆ పేర్లు సినిమా హీరోల పేర్లకంటే గొప్పగా తోచేవి.

"నిజంగ చూసినవా తాతా?" అని మనవడు అడుగుతాడు.

"చూసిన బిడ్డా. ఈ కండ్లతోనే చూసిన" అంటాడు తాత.

ఈ జవాబును తేలిగ్గా తీసేయడానికి లేదు. ఎందుకంటే ఆ ఆటకు ఇప్పుడు మిగిలిన సాక్ష్యం చాలామటుకు ఆ కళ్లే.

2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ సంగతే చూడండి. కేరళ బ్లాస్టర్స్ మీద హైదరాబాద్ జట్టు ఓడిపోయేలా ఉంది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోలుతో స్కోరు సమమైంది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు బంతులు ఆపేశాడు. కప్పు హైదరాబాదుది అయింది. ఆ గోలు, ఆ మూడు బంతులు మీ ఫోనులో ఎన్నిసార్లయినా చూడొచ్చు. ఆపి చూడొచ్చు, వెనక్కి తిప్పి చూడొచ్చు. ఇంకో వందేళ్ల తర్వాత కూడా ఎవరైనా చూడొచ్చు.

మరి 1950లో? ఆ ఏడాది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. అది ఒక్కసారితో ఆగలేదు. 1954 దాకా వరసగా ఐదేళ్లు ఆ కప్పు హైదరాబాదు దాటిపోలేదు. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్‌ను కూడా ఓడించింది. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజుల్లో, ఖాకీ బట్టలు వేసుకుని పోలీసు కొలువు చేసే కుర్రాళ్లు సాధించిన ఘనత అది. ఆ గోళ్లు ఎలా పడ్డాయి, ఎవరు ఎవరికి బంతి అందించారు, అవతలి జట్టు ముఖాలు ఎలా వాడిపోయాయి అని తెలుసుకోవాలంటే పాత పత్రికల్లో నాలుగు ముక్కలు దొరుకుతాయి. మిగిలిందంతా చూసినవాళ్ల నోటి మాటే.

పంతులుగారి పాఠాలు

ఆ జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. వృత్తి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత తీసుకున్నారు. కొద్ది రోజులకే భారత జట్టు బాధ్యత కూడా ఆయన మీద పడింది.

పాత అభిమానులు రహీం సాబ్ గురించి చెప్పేటప్పుడు కప్పుల లెక్కకంటే ముందు ఆయన పెట్టే పోటీల గురించి చెబుతారు. అవి మామూలు పోటీలు కావు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒక్కడే ఉరకడానికి వీల్లేదు. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో. చూసేవాళ్లకు మొదట నవ్వొచ్చేది. ఏడాది తిరిగేసరికి ఆ కుర్రాళ్లకు రెండు కాళ్లూ ఒకటే అయ్యేవి.

ఇందులో కిటుకు పెద్దదేం కాదు. మన కుర్రాళ్లు ఒడ్డూ పొడుగూ ఉన్న విదేశీ జట్లతో ఢీకొట్టి నెగ్గలేరు. ఢీకొనకముందే బంతిని వదిలేస్తే నెగ్గగలరు. బలం తక్కువైనచోట వేగం, వేగం చాలనిచోట కలివిడి. బళ్లో లెక్కల పాఠం చెప్పినట్టే ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ ఆయన నేర్పింది ఇదే.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాంను వెలికితీసిందీ ఆయనే. పేదింటి పిల్లవాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన బూట్లతో చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆట బూట్లు కుట్టించుకున్నాడు. సెలెక్షన్ శిబిరానికి రమ్మని రహీం పిలిస్తే, అంత దూరం వచ్చిపోవడానికి డబ్బుల్లేవన్నాడు. సైకిలు అద్దెకు తీసుకో, కిరాయి నేనిస్తానన్నారు రహీం. ఈ సంగతులు బలరాం తర్వాతి రోజుల్లో తనే చెప్పుకునేవారు. ఆ సైకిలు కిరాయికి దేశానికి దక్కిన ఫలితం ఏమిటంటే, 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడిన ఫార్వర్డ్. రోమ్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు కొట్టిన ఆటగాడు.

జ్ఞాపకం కూడా ఆట ఆడుతుంది

అయితే పాత ముచ్చట్లన్నీ అక్షరాలా నిజమని నమ్మితే ఇబ్బందే. రోవర్స్ కప్పు ఆడింది బొంబాయిలో. ఆ ఆటల కబురు మనవాళ్లలో చాలామందికి పేపర్ల ద్వారా, రేడియో ద్వారానే చేరింది. కానీ ముప్ఫై ఏళ్లు గడిచేసరికి విన్నవాడు కూడా చూసినవాడే అవుతాడు. ఒక గోలు మూడు గోళ్లవుతుంది. పది గజాల దూరం నలభై గజాలవుతుంది.

బూట్లు లేకపోవడం వల్లే 1950 ప్రపంచ కప్పుకు మనల్ని రానివ్వలేదన్న మాట మీరూ వినే ఉంటారు. ఏ ఊళ్లో కూర్చున్నా ఈ ముచ్చట వస్తుంది. నిజానికి పోటీ నుంచి తప్పుకున్నది మనమే. జట్టు ఎంపికలో పేచీలు, సాధనకు సమయం చాలకపోవడం, ప్రపంచ కప్పుకంటే ఒలింపిక్సే గొప్పనుకోవడం... ఇలా కారణాలు చాలానే చెబుతారు. వట్టి కాళ్ల కథ పూర్తిగా అబద్ధం మాత్రం కాదు. 1948 లండన్‌లో, 1952 హెల్సింకీలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యారు. బూట్లు తప్పనిసరి చేసింది ఆ తర్వాతే. రెండు నిజాలు కలిసి ఒక అబద్ధం ఎలా పుడుతుందో చూశారుగా!

అందుకని పెద్దల మాట కొట్టిపారేయాలా? అక్కర్లేదు. వాళ్లకు అంకె తప్పొచ్చు, ఏడాది తప్పొచ్చు. కానీ ఆటగాడి నడక తప్పదు. బంతి కాలికి తగిలినప్పుడు అతను భుజం ఎటు వంచేవాడో, ఓడిపోయిన రోజు ఎలా తలొంచుకుని పోయేవాడో ఏ రికార్డు పుస్తకంలోనూ దొరకదు. అంకె కోసం పుస్తకం చూడాలి, మనిషి కోసం తాతనే అడగాలి.

1957లో సంతోష్ ట్రోఫీ హైదరాబాదులోనే జరిగింది. అంతకు ముందు ఏడాది గెలిచిన కప్పును హైదరాబాద్ జట్టు సొంతగడ్డ మీద మళ్లీ నిలబెట్టుకుంది. అది మాత్రం మనవాళ్లు నిజంగా కళ్లారా చూసిన ఆట. అప్పుడు పదిహేనేళ్ల వాడికి ఇప్పుడు ఎనభై దాటిపోయాయి. లెక్క వేసుకుంటే, ఆ గోళ్లు చూసిన కళ్లు ఇంకెన్ని మిగిలి ఉంటాయి?

జకార్తా కానుక

1962 సెప్టెంబరు 4. జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. అదే పోటీల్లో మన మొదటి ఆటలో 2-0తో ఓడించిన జట్టు. స్టేడియం కిక్కిరిసి ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత అధికారి ఒకరు తప్పుపట్టడంతో అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. మనవాళ్లు బంతి ముట్టుకుంటే చాలు, కేకలు, ఈలలు. ఆ హోరులో మనకు చప్పట్లు కొట్టింది పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లు!

అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. రేపు నాకొక కానుక ఇవ్వండి, బంగారు పతకం గెలవండి అని ముందురోజు రాత్రి ఆటగాళ్లను అడిగారని ఆ జట్టులోని వాళ్లు చెప్పేవారు. పీకే బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లు పడ్డ గాయంతోనే ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోలు. 2-1. కానుక అందింది. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు 1951 తర్వాత అది రెండోది. ఇప్పటిదాకా అదే ఆఖరిది.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం తెచ్చింది. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివాళ్లు వచ్చారు. కానీ మంచి ఆటగాళ్లంతా కొలువుల కోసం, డబ్బుల కోసం కలకత్తా, బొంబాయి దారి పట్టారు. హైదరాబాదులో ఆట మెల్లగా సన్నగిల్లింది.

ఆటగాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. యూసుఫ్ ఖాన్ 2006లో, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ 2008లో. రహీం కొడుకు, రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్న హకీం 2021లో. బలరాం 2023 ఫిబ్రవరి 16న, అమ్ముగూడకు ఎంతో దూరాన బెంగాల్‌లో. ఆయన పోయిన మరుసటి ఏడాది రహీం కథతో 'మైదాన్' సినిమా వచ్చింది. అదేదో ఇంకో పాతికేళ్ల ముందు వచ్చి ఉంటే వాళ్లలో ఎందరో తెర ముందు కూర్చుని, "అది అట్ల కాదు, ఇట్ల కొట్టిన" అని సరిదిద్దేవారు.

మళ్లీ మన జిల్లా నుంచి

హోటల్ ముందు బల్ల మీద ఈ ముచ్చట అయిపోయేసరికి మనవడికి ఒక అనుమానం వస్తుంది. అదంతా పట్నం సంగతి, మన వైపు నుంచి ఎవరూ లేరా అని.

ఉన్నారు. నిజామాబాద్ జిల్లా ఆడపిల్ల గుగులోత్ సౌమ్య. కామారెడ్డి ప్రాంతమంతా 2016 దాకా నిజామాబాద్ జిల్లాలో భాగమే కాబట్టి ఆ పేరు మహమ్మద్‌నగర్‌కూ పరాయిది కాదు. భారత మహిళల జట్టుకు ఆడింది. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెదే. ఈస్ట్ బెంగాల్ అంటే మరేదో కాదు. అమ్ముగూడ బలరాం 1961లో కెప్టెన్‌గా ఉన్న క్లబ్బే. ఈ మాట చెబితే బల్ల మీది పెద్దాయన మూడో చాయ్ కూడా తానే ఇప్పిస్తాడు.

సౌమ్య గోళ్లకు వీడియోలున్నాయి. వాటికి బెంగ లేదు. బెంగంతా పాత గోళ్ల గురించే. మీ ఇంట్లోనో, మీ వాడలోనో అలాంటి తాత ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. ఫోన్ రికార్డింగు నొక్కి పక్కన పెట్టండి. ఏ మైదానం, ఎవరితో ఆట, ఎవరు కొట్టారు, ఎవరితో కలిసి చూశారు... నాలుగు ప్రశ్నలు చాలు. ఏడాది తప్పు చెబితే మధ్యలో ఆపకండి. తర్వాత పుస్తకం చూసి సరిచేసుకోవచ్చు. ఆయన చెప్పకుండా పోయింది మాత్రం ఏ పుస్తకమూ తెచ్చివ్వదు.